రోడ్డుకు పరీక్ష పెట్టాలంటే... చక్రం తిరగాల్సిందే!

కొత్త రోడ్డు మీద మొదటి వానాకాలం గడిచిందో లేదో, రెండు గాడులు కనిపిస్తాయి. సరిగ్గా లారీ టైర్లు నడిచే చోట. బైక్ మీద వెళ్తూ ఆ గాడిలో పడ్డామా, హ్యాండిల్ మన మాట వినదు. వాన పడితే అందులో నీళ్లు నిలుస్తాయి. నిలిచిన చోట గుంత పడుతుంది. 'తారు సరిగ్గా వేయలేదు' అని తిట్టుకుంటూ పోతాం.

చాలాసార్లు పాపం తారుది ఏమీ ఉండదు. జబ్బంతా దాని కింద మనకు కనిపించని కంకరలోనో, ఆ కంకర కింది మట్టిలోనో ఉంటుంది.

నేను సివిల్ ఇంజినీరింగ్ చదివి, కొన్నాళ్లు రోడ్డు పనుల్లో తిరిగి, ఆ తర్వాత రాతల్లోకి వచ్చాను. అందుకే మా చుట్టాల్లో ఎవరి ఊళ్లో రోడ్డు వేసినా ఫొటోలు నా ఫోన్‌కే వస్తాయి. ఈమధ్య మా పిన్ని కొడుకు ఒక వీడియో పంపాడు. మట్టి మీద నల్లటి ప్లాస్టిక్ వల పరుస్తున్నారు, వెనకాలే టిప్పర్ కంకర పోస్తోంది. కింద వాడి మెసేజ్: "అన్నా, కంకర కింద దోమతెర మాదిరి ఏందో పరుస్తాండారు. నిజంగా పనికొస్తాదా, బిల్లు కోసమా?"

మంచి ప్రశ్న. ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. ఎందుకంటే ఇదే ప్రశ్నకు జవాబు కోసం ఇంజినీర్లు దశాబ్దాలుగా రోడ్లు వేసి, వాటి మీద బండ్లు తిప్పి తిప్పి, కావాలనే పాడుచేస్తున్నారు.

గాడి ఎందుకు పడుతుంది?

రోడ్డంటే పైన కనిపించే నల్లటి పూత ఒక్కటే కాదు. అన్నిటికన్నా కింద తొక్కించి గట్టిపరచిన మట్టి ఉంటుంది. ఇంజినీర్ల భాషలో సబ్‌గ్రేడ్. దాని మీద గ్రావెల్ పొర. ఆపైన రకరకాల సైజుల రాయి కలిపి, తడిపి, రోలర్‌తో తొక్కించిన కంకర పొర. సైట్‌లో అందరూ 'వెట్‌మిక్స్' అనేది దీన్నే. చివర్లో తారు.

రోడ్డు డిజైన్‌కు లెక్కలోకి తీసుకునే ఇరుసు బరువు 80 కిలోన్యూటన్లు. అంటే 8 టన్నులు దాటి. ఒక్కో వైపు 4 టన్నుల పైచిలుకు. అంత బరువూ దిగే చోటు మనం అన్నం తినే కంచమంత! ఆ బరువును నలుమూలలా పంచి, మట్టి దాకా వెళ్లేసరికి పలచన చేయడమే కంకర పొర పని.

కానీ కంకర రాళ్లను ఒకదానికొకటి ఎవరూ కట్టిపెట్టలేదు కదా. చక్రం పైకి ఎక్కిన ప్రతిసారీ రాళ్లు వెంట్రుకవాసి పక్కకు జరుగుతాయి. చక్రం వెళ్లిపోయాక చాలావరకు వెనక్కి వస్తాయి. కొంచెం మాత్రం రావు. ఆ 'కొంచెం' లక్షల సార్లు పోగైతే గాడి. కింద మట్టి మెత్తగా ఉంటే ఇంకో బాధ. రాయి బురదలోకి దిగుతుంది, బురద రాళ్ల సందుల్లోకి ఎక్కుతుంది. 250 మిల్లీమీటర్ల మందం వేశామనుకున్న పొరలో అసలు పనిచేసే కంకర ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు.

బియ్యం కుప్ప మీద నిలబడి చూడండి. కాలు దిగిపోతుంది, గింజలు పక్కకు పారిపోతాయి. అవే గింజలు బస్తాలో ఉంటే ఎక్కి నిలబడొచ్చు. బియ్యం మారలేదు. పక్కకు పోనివ్వకుండా గోనెసంచి పట్టుకుంది, అంతే. కంకర కింద వల వేయడం వెనకున్న ఆలోచన కూడా ఇదే.

నల్లరేగడితో పెట్టుకుంటే...

మాది నంద్యాల వైపు. నల్లరేగడి అంటే ఏంటో ఎండాకాలం పొలం గట్టున నడిచినవాళ్లని అడగాలి. నెర్రెలు ఎంత విచ్చుకుంటాయంటే కాలు ఇరుక్కునేంత. అదే నేల వానకు ఉబ్బి, చెప్పుకు పట్టిన మట్టి బరువుకు అడుగు లేవదు. పత్తికి, శనగకు బంగారం లాంటి నేల. రోడ్డుకు మాత్రం శత్రువు.

ఆ శత్రువు బలం కొలిచే పరీక్షే సీబీఆర్. కాలిఫోర్నియా రోడ్ల శాఖలో పుట్టింది. అచ్చులో మట్టి కూరి, 4 రోజులు నీళ్లలో నానబెడతారు. తర్వాత 50 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఉక్కు కడ్డీని నిమిషానికి 1.25 మిల్లీమీటర్ల వేగంతో అందులోకి దింపుతారు. మంచి కంకరలోకి 2.5 మిల్లీమీటర్లు దిగాలంటే 1370 కిలోల బరువు కావాలి. మీ మట్టి అందులో ఎంత శాతం తట్టుకుంటే అది దాని సీబీఆర్. నానిన నల్లరేగడికి ఇది 2 దగ్గర ఆగడం మామూలే. అంటే 27 కిలోలకే కడ్డీ దిగిపోతుంది. ఓ సిమెంటు బస్తా బరువులో సగం!

ఇలాంటి నేల మీద రోడ్డు వేయడానికి పాత దారులు రెండు. మట్టి తవ్వి పారేసి మంచి మొరం నింపడం. లేదా కంకర మందం పెంచుకుంటూ పోవడం. రెండింటికీ క్వారీలు కావాలి, లారీలు తిరగాలి, డబ్బు కావాలి. మూడో దారిగా వచ్చినవే జియోసింథటిక్స్.

బట్ట, వల, తేనెపట్టు

ఈ కుటుంబంలో రోడ్లకు ముఖ్యమైనవాళ్లు ముగ్గురు.

జియోటెక్స్‌టైల్ బట్టలా ఉంటుంది. నీళ్లను వదులుతుంది, మట్టిని ఆపుతుంది. కంకర, బురద కలిసిపోకుండా మధ్యలో అడ్డుగోడలా నిలుస్తుంది.

జియోగ్రిడ్ వలలా ఉంటుంది. దాని గళ్లలో కంకర రాళ్లు ఇరుక్కుంటాయి. ఇరుక్కున్న రాయి పక్కకు జరగలేదు. దాని మీది రాయి కూడా దీన్ని పట్టుకుని నిలుస్తుంది.

జియోసెల్ తేనెపట్టు లాంటిది. మడిచి తెచ్చిన ప్లాస్టిక్ పట్టీలను సైట్‌లో లాగితే గదులుగా విచ్చుకుంటాయి. వాటిని కంకరతో నింపుతారు. మన బియ్యం బస్తాకు అసలైన చుట్టం ఇదే.

ఆలోచన కొత్తదేం కాదు. 1926లోనే అమెరికాలోని సౌత్ కరోలినా రోడ్ల శాఖ తారు రోడ్లలో నూలుబట్ట పరిచి చూసింది. బట్ట ఉన్నంతకాలం పగుళ్లు తగ్గాయి, రోడ్డు బాగానే నిలిచింది. బట్ట చివికిపోయాక కథ ముగిసింది. చివకని బట్ట కోసం ప్లాస్టిక్ యుగం దాకా ఆగాల్సి వచ్చింది. ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్‌లో బ్రయాన్ మెర్సర్ 1950ల్లో నెట్లాన్ అనే ప్లాస్టిక్ వల తయారుచేసే పద్ధతి కనిపెట్టాడు. ఆ దారిలోనే తర్వాత గట్టి జియోగ్రిడ్ వచ్చింది. జియోసెల్ సంగతికొస్తే, 1970ల చివర్లో అమెరికా సైన్యం ఇంజినీర్లు మిసిసిపీ రాష్ట్రం విక్స్‌బర్గ్‌లోని తమ ప్రయోగ కేంద్రంలో ఇసుక మీద బండ్లు నడపడానికి చేసిన ప్రయత్నాల్లోంచి అది పుట్టింది.

ముందు పెట్టెలో...

వస్తువు వచ్చింది సరే. పనిచేస్తుందని ఎలా తెలుస్తుంది? వలను మిషన్‌లో పెట్టి రెండువైపులా లాగి, ఎంత బలానికి తెగిందో చూస్తే సరిపోదా? కంపెనీల కరపత్రాల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది ఈ అంకే. కానీ రోడ్డులో వల తెగేదాకా సాగదు. అంత సాగిందంటే పైన రోడ్డు ఎప్పుడో పోయిందని అర్థం. 2 శాతం సాగినప్పుడు ఎంత బిగువు చూపిస్తుందన్నదే అక్కడ పనికొచ్చే మాట. పైగా అది ఒంటరి వల బలం. మట్టి, రాయి, వల కలిసి ఏం చేస్తాయో లాగుడు మిషన్ చెప్పలేదు.

అందుకే ల్యాబ్‌లో ఉక్కు పెట్టె కడతారు. అందులో మెత్తటి మట్టి తొక్కించి, దానిపై వల, దానిపై కంకర. పైన 300 మిల్లీమీటర్ల ఉక్కు పలక. మళ్లీ ఆ కంచమంత చోటే! హైడ్రాలిక్ యంత్రం ఆ పలకను చక్రం బరువుతో నొక్కుతుంది, వదులుతుంది. నొక్కుతుంది, వదులుతుంది. రాత్రీపగలూ వేల సార్లు. ఒక్కో నొక్కుకు పలక ఎంత దిగింది, వెనక్కి ఎంత లేచింది, మట్టి మీద ఒత్తిడి ఎంత, వల ఎంత సాగింది... అన్నీ సెన్సర్లు రాసుకుంటాయి.

ఇదే పరీక్ష వల లేకుండా కూడా చేస్తారు. వల లేనప్పుడు 10 వేల నొక్కులకు 20 మిల్లీమీటర్ల గాడి పడిందనుకుందాం. వల ఉన్నప్పుడు అంతే గాడికి 30 వేల నొక్కులు పట్టాయనుకుందాం. అప్పుడు వల ఆ రోడ్డు ఆయుష్షును 3 రెట్లు చేసినట్టు. ట్రాఫిక్ బెనిఫిట్ రేషియో అని పెద్ద పేరుతో పిలిచేది ఈ 3నే. ఉదాహరణకు 20 మిల్లీమీటర్లే ఎందుకు తీసుకున్నానంటే, మన దేశంలో తారు రోడ్ల డిజైన్ సూత్రాల్లో గాడి ఆ లోతుకు చేరితే రోడ్డు చేతులెత్తేసినట్టే లెక్క.

ఈ పరీక్షలోనూ ఒక లోపం ఉంది. పలక ఉన్నచోటే పైకీ కిందకీ ఆడుతుంది. నిజం చక్రం అలా కాదు. అది వస్తుంది, ఎక్కుతుంది, దాటిపోతుంది. ఎదురుగా ఉన్నప్పుడు రాయిని ఒకవైపు, దాటాక ఇంకోవైపు తోస్తుంది. పిండి పిసికినట్టు పిసుకుతుంది. అందుకే పెట్టెలో దర్జాగా నిలబడ్డ రోడ్డు చక్రం కింద అంతకన్నా ముందే చేతులెత్తేయొచ్చు.

తర్వాత నిజం లారీలతో...

చక్రమే తిప్పి చూద్దాం అన్న ఆలోచనకు పెద్దన్న లాంటి ప్రయోగం 1958లో మొదలైంది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, ఒట్టావా దగ్గర పరీక్ష కోసమే రోడ్లు వేసి, 1960 దాకా సైనికుల చేత లారీలు నడిపించారు. ఒకటీ రెండూ కాదు, ఇరుసుల లెక్కన 11 లక్షల 14 వేల సార్లు! ఇవాళ్టికీ ప్రపంచం వాడే ఒక చేదు సూత్రం అక్కడి నుంచే వచ్చింది. ఇరుసు బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపు కాదు, దాదాపు 16 రెట్లు. ఓవర్‌లోడ్ ఇసుక లారీ మన ఊరి రోడ్డును ఏం చేస్తుందో ఇక చెప్పాలా?

అలా ఏళ్ల తరబడి తిప్పడం అన్నిచోట్లా కుదరదు. కాబట్టి కాలాన్ని కుదించే యంత్రాలు వచ్చాయి. నిజం రోడ్డు ముక్క మీద ఒక చట్రం పెట్టి, అందులో బరువెక్కించిన లారీ చక్రాన్ని అటూ ఇటూ ఆపకుండా నడిపిస్తారు. ఏళ్ల ట్రాఫిక్ నెలల్లో పూర్తి. దక్షిణాఫ్రికా ఈ యంత్రాలకు పేరుపొందింది. మన దగ్గర ఢిల్లీలోని కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థలో ఇలాంటి ఏర్పాటు ఉంది.

ఒకే నేల, ఒకే లారీ, 17 ముక్కలు

వలల విషయంలో నాకు బాగా నచ్చిన పరీక్ష అమెరికాలోనే మోంటానా రాష్ట్రం, లూయిస్‌టౌన్‌లో జరిగింది. మోంటానా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు కావాలనే చెత్త నేల తయారుచేశారు. సీబీఆర్ 1.7 దగ్గర ఉండేలా బంకమట్టిని తడిపి, కూరారు. మన నల్లరేగడికి దీటైన మెత్తదనం. దాని మీద 17 రోడ్డు ముక్కలు వేశారు. 14 ముక్కల్లో రకరకాల జియోసింథటిక్స్. 3 ముక్కల్లో వల లేకుండా వేర్వేరు మందాల్లో కంకర మాత్రమే. తారు వేయలేదు. సుమారు 20 టన్నుల మూడిరుసుల టిప్పర్‌ను వాటన్నిటి మీదా ఒకే దారిలో నడిపించారు. ప్రతి కొన్ని ట్రిప్పులకు ఆపి గాడి లోతు కొలిచారు. 75 మిల్లీమీటర్లు దిగితే ఆ ముక్క అవుట్.

ఆట అయిపోయాక పోస్ట్‌మార్టం. కంకర జాగ్రత్తగా తీసి, కింద వల ఎలా ఉందో, ఎక్కడ వంగిందో, బురద ఎంత పైకి వచ్చిందో చూశారు. 2014లో వచ్చిన నివేదికలో తేలిందేమిటంటే, అన్ని వలలూ ఒకటి కావు. ఒకే నేల, ఒకే లారీ, అయినా కొన్ని బాగా నిలబడ్డాయి, కొన్ని త్వరగా దిగిపోయాయి. నిలబడ్డవాటికి ఎక్కువగా కలిసొచ్చిన గుణం ముడుల బిగువు. అంటే నిలువు, అడ్డ పట్టీలు కలిసే చోటు ఎంత గట్టిగా, ఎంత కదలకుండా ఉందన్నది. అదీ ముఖ్యంగా అడ్డ దిశలో.

ఆలోచిస్తే సబబే. చుట్టను రోడ్డు పొడుగునా విప్పుతారు. చక్రం కింద కంకర మాత్రం రోడ్డు అడ్డంగా పక్కలకు జరగాలని చూస్తుంది. ఆ తోపు అడ్డ పట్టీల మీద పడుతుంది, పట్టీల నుంచి ముడుల మీద పడుతుంది. ముడి వదులైతే పట్టీ ఎంత బలమైందైనా ఏం లాభం? చేపల వల నేసేవాళ్లకు ఈ సంగతి మనం చెప్పక్కర్లేదు.

1990ల మొదట్లో విక్స్‌బర్గ్‌లో విమానాల రన్‌వేల కోసం చేసిన చక్రం పరీక్షలు కూడా ఇటువైపే చూపించాయి. వల ముడిని పట్టి మెలితిప్పితే అది ఎంత ఎదురుతిరుగుతుందన్నది రోడ్డు పనితీరుతో బాగా కలిసింది. తర్వాత ఆ ఒక్క కొలతే చాలా అన్నదాని మీద వాదనలూ నడిచాయి. కానీ లాగితే తెగే బలం ఒక్కటీ చూసి వల కొనకూడదన్న పాఠం మాత్రం నిలిచిపోయింది.

మన దగ్గర సంగతేంటి?

మనకూ నియమాలున్నాయి. రోడ్లలో జియోసింథటిక్స్ వాడకానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2019లో ఎస్పీ-59 మార్గదర్శకాలను సవరించి ఇచ్చింది. వల వేసినందుకు కంకర పొర ఎంత గట్టిపడిందో చెప్పే ఒక గుణకాన్ని డిజైనర్ లెక్కలో వాడతాడు. ఆ గుణకం ఎంత పెద్దదైతే కంకర అంత తగ్గించొచ్చు.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. 3.75 మీటర్ల వెడల్పు రోడ్డులో కంకర 100 మిల్లీమీటర్లు తగ్గిస్తే కిలోమీటరుకు 375 ఘనపు మీటర్లు మిగులుతుంది. టన్నుల్లో 800 పైమాటే. 20 టన్నుల టిప్పర్లు 40 ట్రిప్పులు తగ్గుతాయి. కొండలు కరిగిపోతున్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. కానీ ఆ గుణకం సరైన పరీక్షలోంచి కాకుండా ఎవరో ఇచ్చిన కాగితంలోంచి వస్తే? వల పనిచేయదు, కంకర ఎలాగూ తగ్గించేశాం. రెండువిధాలా నష్టపోయేది ఆ రోడ్డు మీద తిరిగే మనమే.

పరీక్షించే చేతులు మన దగ్గర లేవా అంటే, ఉన్నాయి. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో జియోసెల్, జియోగ్రిడ్ వేసిన పొరల మీద పెద్ద పెట్టెల్లో ఈ నొక్కుడు పరీక్షలు జరిగాయి. పాత రోడ్డు తవ్వి తీసిన తారు కంకరను జియోసెల్ గదుల్లో నింపి వాడొచ్చా అన్నదీ అక్కడ చూశారు. 2025 జూన్‌లో చీనాబ్ వంతెన ప్రారంభమైనప్పుడు మన ఫోన్లన్నిటిలో మార్మోగిన ప్రకాశం జిల్లా ఆడబిడ్డ మాధవీలత గుర్తున్నారా? ఐఐటీ మద్రాస్‌లో ఆమె పీహెచ్‌డీ జియోసెల్స్ మీదే. బెంగళూరు ఐఐఎస్‌సీ క్యాంపస్‌లో ఆమె బృందం తారు లేని రోడ్డు ముక్కలు వేసి, వాటి కింద జియోటెక్స్‌టైల్, జియోగ్రిడ్, జియోసెల్‌తో పాటు పాత టైర్ల ముక్కలు కూడా పరిచి, బండి నడిపి పోల్చి చూసింది.

మీ ఊళ్లో వల పరుస్తుంటే...

ఎంత మంచి వలైనా పరిచే చెయ్యి మంచిది కాకపోతే దండగే. ఇంజినీర్ కానవసరం లేదు, ఇవి ఎవరైనా చూడొచ్చు.

• వల ముడతలు లేకుండా బిగుతుగా ఉందా? ముడత సాగి బిగుసుకునే లోపే గాడి పడిపోతుంది.

• చుట్టకు చుట్టకు మధ్య ఒకదాని మీద ఒకటి ఎక్కించారా? నేల ఎంత మెత్తగా ఉంటే అంత ఎక్కువ ఎక్కించాలి.

• టిప్పర్ నేరుగా వల మీదకు వస్తోందా? రాకూడదు. ముందు పోసిన కంకరను తోసుకుంటూ, ఆ కంకర మీద నుంచే బండి ముందుకు రావాలి. వల మీద కనీసం జానెడు కంకర లేకుండా చక్రం ఎక్కకూడదు.

• రాయి గడిలో ఇరుక్కునే సైజులో ఉందా? మరీ చిన్నదైతే జారిపోతుంది, మరీ పెద్దదైతే వల మీద కూర్చుంటుంది తప్ప పట్టు దొరకదు.

• చుట్టలు వారాల తరబడి ఎండలో పడి ఉన్నాయా? ప్లాస్టిక్‌కు ఎండ పడదు.

• పక్క కాల్వ తీశారా? నీళ్లు పోయే దారి లేకపోతే ఏ వలా రోడ్డును కాపాడలేదు.

ఆ పక్కనే ఉన్న ఇంజినీర్‌ని మర్యాదగానే ఒక మాట అడగండి: "సార్, ఈ వలను ఎలాంటి నేల మీద, ఎన్నిసార్లు చక్రం తిప్పి పరీక్షించారు? గాడి ఎంత పడింది?" డిజైన్ చేసినవాళ్ల దగ్గర దీనికి జవాబు ఉండి తీరాలి. దొరక్కపోతే సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టొచ్చు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్డయితే మొదటి 5 ఏళ్లు బాగోగులు చూడాల్సింది కాంట్రాక్టరే. గాడి పడితే ఫొటో తీసి 'మేరీ సడక్' యాప్‌లో పెట్టండి.

కంకర కింద వల మోసం కాదు, మంత్రమూ కాదు. సరైన వల, సరైన రాయి, సరిగ్గా పరిచిన చెయ్యి కలిస్తే మెత్తటి నేల మీద కూడా రోడ్డు ఎక్కువ కాలం నిలుస్తుందని చక్రాలు తిరిగి తిరిగి నిరూపించాయి. ఆ మూడింట్లో ఒక్కటి తప్పినా మొదటి వానాకాలమే ఫలితం చెప్పేస్తుంది. అప్పుడు పరీక్ష జరిగేది ల్యాబ్‌లో కాదు, మన బైకుల కింద.